పంపుగారి అంత్యక్రియలు

మా ఇంట్లో ఏది చెడిపోయినా పండగ రోజే చెడిపోతుంది. మామూలు రోజు చెడిపోతే దానికి నామోషీ కాబోలు. పునీత నికోలా పండగనాడు పొద్దున్నే నేను వంటింట్లో చేపకు ఉప్పు పట్టిస్తుంటే కింద నేలమాళిగలోంచి దబదబమని చప్పుడు మొదలైంది. ఎవరో పైపులను రోకలితో బాదుతున్నట్టు ఇల్లంతా అదిరిపోయింది. చేతులు కడుక్కోకుండానే కిందికి పరుగెత్తాను. బాయిలర్ లోపల నీళ్లు కుతకుతలాడుతున్నాయి. రేడియేటర్లకు పోయే పైపు మాత్రం మంచుముక్కలా ఉంది. వేడినీళ్లను ఇల్లంతా తిప్పే పంపు రోజూ గుర్రుమంటూ ఉండేది, ఇప్పుడు కిక్కురుమనడం లేదు. చెయ్యి వేసి చూశాను. ఒళ్లు కాలిపోతోంది గాని లోపల కదలిక లేదు.

మా ఆయన గ్వోజ్దెన్ పండగ చొక్కా మీదే బాయిలర్లోని నిప్పులు పారతో బకెట్లోకి లాగి మంచులో కుమ్మరించి వచ్చాడు. చప్పుడు ఆగింది. దానితోపాటు వెచ్చదనమూ ఆగింది.

మామూలు రోజైతే ఇద్దరం రెండేసి స్వెటర్లు తగిలించుకుని ఊరుకునేవాళ్లం. కాని ఆరోజు మా ఇంటి స్లావా, ఇలవేల్పు పండగ. పోయినేడాది ఇదే రోజున కరెంటు పోయి, వచ్చినవాళ్లు కోట్లు విప్పకుండానే భోంచేశారు. మా అత్తగారు స్తామెనా అప్పుడే అందరి ముందూ బల్ల మీద చెయ్యి చరిచి మరీ చెప్పింది.

"వచ్చే ఏడు కూడా నేనీ బల్ల దగ్గర కోటు వేసుకుని కూర్చోవాల్సొస్తే, నికోలా పటం తీసి జాగోర్కా చేతిలో పెట్టేస్తా. వాళ్లింట్లో నడిచలికాలంలోనూ ఉక్కపోసి కిటికీలు తెరుచుకుంటారు!"

జాగోర్కా నా తోడికోడలు, మా బావగారు మిలోయె భార్య. పట్నంలో ఫ్లాటు. అక్కడ వేడి ఊరుమ్మడి పైపులో వస్తుంది, పంపు ఎక్కడుంటుందో కూడా వాళ్లకు తెలియదు. ఆ మాట విన్నప్పుడు ఆమె సిగ్గుపడుతున్నట్టు తల దించుకుని, మా పటం వెడల్పు ఎంతుందో కళ్లతోనే కొలుచుకుంది. నేను చూశాను.

పటం ఎక్కడుంటే పండగ అక్కడే. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన ఏడాదే అత్తగారు పండగ రొట్టె పిండి నా ముందుకు నెట్టి, "పిసుకు, చూద్దాం" అంది. అప్పటినుంచి ఆ రొట్టె నా చేతిదే. పటం పోతే వచ్చే ఏడాది నేను జాగోర్కా ఇంటికి అతిథిగా వెళ్లి, ఆవిడ ఇచ్చిన చెప్పులు వేసుకుని, ఆవిడ కాల్చిన ఎండు రొట్టె తిని, చాలా బాగుంది అక్కా అనాలి. అది తలుచుకుంటేనే నాకు ఏడుపొచ్చింది. ఏడుపు వస్తే నాకు కోపం కూడా వస్తుంది, రెండూ కలిసే వస్తాయి.

వంటింటి పక్క గదిలో అత్తగారు మూడు రజాయిల కింద వెల్లకిలా పడుకుని ఉంది. తలకు గుడ్డ, పైకి ముక్కు ఒక్కటే కనిపిస్తోంది. ఆమె దిండు కింద మా పనిముట్ల పెట్టె తాళంచెవి ఉంది. చర్చి క్యాలెండర్లో ఎర్రక్షరాలతో వేసిన పండగ వస్తోందంటే చాలు, ముందురోజు సాయంత్రమే పెట్టెకు తాళం వేసి, తాళంచెవి దిండు కింద పెట్టుకుంటుంది. ఎర్రక్షరం రోజున సూదిలో దారం ఎక్కించినా పాపమే ఆమె లెక్కలో.

"అత్తయ్యా, పంపు ఆగిపోయింది. ఆ తాళంచెవి ఒక్కసారి..."

"ఎర్రక్షరం."

"ఇల్లు చల్లబడిపోతోంది కదా!"

"పడనీ. నికోలా నాడు పానా పట్టిన చెయ్యి ఎండిపోద్ది. ఇల్లు వెచ్చబడ్డాక నన్ను లేపు. వెచ్చబడకపోతే జాగోర్కా వచ్చాక లేపు."

ముక్కు కూడా రజాయి కిందికి వెళ్లిపోయింది.

నేను తిరిగి వచ్చేసరికి గ్వోజ్దెన్ నా అప్పడాల కర్రతో పంపు నెత్తిన టకటక కొడుతున్నాడు.

"ఏమయ్యా, అది నేను రొట్టె పిండికి వాడేది!"

"అప్పడాల కర్ర పనిముట్టు కాదుగా, వంటసామాను. పాపం అంటదు" అన్నాడు.

"పాపం సంగతి తర్వాత. పంపు తిరుగుతోందా?"

"లేదు."

ఆ పంపును బిగించింది ఆయనే. నాలుగేళ్ల కిందట పాతది పాడైతే, పక్కింటి తిహొమిర్‌ను పిలవమన్నాను. తిహొమిర్ ఈ పనిలోనే పుట్టి పెరిగినట్టు మాట్లాడతాడు, కాస్త గొప్పలు ఎక్కువే గాని చెయ్యి మంచిది. మా ఆయన వినలేదు. ఫోన్లో ఎవడో చేస్తుంటే చూసి, తనే బిగించాడు. కంచె అవతలినుంచి తిహొమిర్ తొంగిచూసి నవ్వాడు. మాటా మాటా పెరిగింది. చివరికి తిహొమిర్ వీధంతా వినబడేలా అరిచాడు. "ఆ పంపు చచ్చి, దాన్ని పాతిపెట్టే రోజున వస్తాను నీ ఇంటికి! అప్పటిదాకా నీ గడప తొక్కితే నా పేరు తిహొమిరే కాదు!"

అన్నంత పనీ చేశాడు. అప్పటినుంచి మా పండగకు కూడా రాలేదు. పోనీ పిలుద్దామంటే, పండగకు ఎవరినీ పిలవకూడదు. వచ్చేవాడు తనంతట తనే రావాలి, పిలిచామంటే పరువు పోయినట్టే. పని ఉంది రమ్మందామంటే ఎర్రక్షరం. ఎటు తిరిగినా గోడే.

వంటింట్లో చేప ముఖం చూస్తూ కూర్చున్నాను. పండగకు పిలవకూడదు. మరి చావుకు? చావుకీ పిలవరు. ఊరికే తెలియజేస్తారు. మనిషి పోతే నల్లంచు కాగితం స్తంభానికి అంటిస్తాం, చూసినవాడు వస్తాడు. పాతిపెట్టే రోజున వస్తానని తిహొమిర్ తన నోటితోనే అన్నాడు కదా.

కాగితం, మందపాటి నల్ల స్కెచ్ పెన్ను తీసుకున్నాను. అంచు వేలెడు వెడల్పున గీశాను. శిలువ వెయ్యడానికి భయమేసి దాని బదులు చిన్న మంట బొమ్మ వేశాను. పైన మా ఇంటిపేరు యెరెమిచ్ అని పెద్దగా రాసి, కింద కుదురుగా ఇలా రాశాను:

"తీవ్ర విచారంతో తెలియజేయునది ఏమనగా, మా ఇంటినంతటినీ వెచ్చగా ఉంచిన ప్రియమైన పంపు నాలుగేళ్ల చిరుప్రాయంలో ఈ ఉదయం హఠాత్తుగా ఆగిపోయినది. ఖననం ఈ మధ్యాహ్నమే, ఇంటి నేలమాళిగలో జరుగును. పూలు తేవద్దు. దుఃఖితులు: గ్వోజ్దెన్, ద్రాగిన్య, పదకొండు రేడియేటర్లు."

మంచుకు తడవకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టి, మా గేటుకూ తిహొమిర్ గేటుకూ మధ్యనున్న కరెంటు స్తంభానికి అంటించి వచ్చాను. వస్తూ వస్తూ అతని కిటికీ వైపు చూసి ముక్కు గట్టిగా చీదాను.

పొయ్యిలో చేప ఎర్రబడకముందే తలుపు తట్టిన చప్పుడు. తిహొమిర్! నల్లకోటు, చేతిలో కొవ్వొత్తి, చంకలో ఒక అట్టపెట్టె. కోటు కుడి జేబు ఏదో బరువుకు మోకాలిదాకా వేలాడుతోంది. గ్వోజ్దెన్ వైపు చూడకుండా నాతోనే మాట్లాడాడు.

"దాన్ని దేవుడు క్షమించుగాక."

"క్షమించుగాక. లోపలికి రా, తిహొమిర్ అన్నయ్యా."

"పండగకు రాలేదు చెల్లెమ్మా, చావుకొచ్చా. మాటంటే మాటే."

"మాట మీద నిలబడ్డావులేరా" అన్నాడు మా ఆయన.

"నువ్వు పంపును నిలబెట్టినట్టా?" అన్నాడు తిహొమిర్. నాలుగేళ్ల తర్వాత వాళ్లిద్దరూ మాట్లాడుకున్న మొదటి మాటలు అవే.

గోధుమ ప్రసాదం పెట్టాను. శిలువ గుర్తు వేసుకుని చెంచాడు తిన్నాడు. గ్వోజ్దెన్ పళ్ల సారా రకియా పోసి గ్లాసుకు గ్లాసు తాకించబోతే చటుక్కున వెనక్కి లాక్కున్నాడు.

"చావింట్లో గ్లాసులు తాకిస్తార్రా, బుద్ధి లేకపోతే సరి!" అని పోయిన ఆత్మ కోసం ఒక చుక్క నేల మీద వొంపి, మిగతాది గొంతులో వేసుకున్నాడు. ఆ నేలకు నేను నిన్ననే మైనం పట్టించాను. పళ్లు బిగబట్టుకున్నాను.

"ఆ పెట్టెలో ఏముంది అన్నయ్యా?"

"ఏముంటుంది? పంపు. నీ మొగుడు బిగించిన రోజునే తెలుసు నాకు, అది బతికి బట్టకట్టదని. అప్పుడే కొని అటక మీద పెట్టా. రోజూ పొద్దున లేచి మీ పొగగొట్టం చూసుకోవడమే. ఇవాళ చస్తుంది, రేపు చస్తుంది అని. అబ్బ, ఎంత సతాయించిందమ్మా! ఏ పక్కింటోడు ఇంత ఓపిగ్గా ఎదురుచూస్తాడు చెప్పు?"

నేలమాళిగ మెట్ల దగ్గర మాత్రం ఆగిపోయాడు. "చూడు చెల్లెమ్మా, ఇవాళ ఎర్రక్షరం. చావుకు రావొచ్చు గాని పానా పట్టకూడదు కదా?"

"శవాన్ని దించి పాతడం పనా? ఏ క్యాలెండర్లో రాశారు?"

"అది సరే. కొత్తది బిగించడం?"

"అది పురుడు. పండగ కదా, రేపు రా అంటే బిడ్డ ఆగుతుందా?"

తిహొమిర్ గడ్డం గోక్కున్నాడు. "మంత్రసానికి పాపం అంటదు. నిజమే" అంటూ జేబులోంచి ఒక పానా, దాని వెనకే ఇంకో పానా బయటికి లాగాడు.

"చావుకొచ్చేవాడివి పానాలెందుకు తెచ్చావురా?" అన్నాడు గ్వోజ్దెన్.

"అవి జేబులోనే ఉంటాయి. నీకెందుకు? దారి చూపించు."

పండగ రోజు ఇంటి యజమాని కూర్చోకూడదు, అతిథిని ఒంటరిగా వదలకూడదు. అతిథి నేలమాళిగలోకి దిగాడు కనక యజమాని కూడా సీసా పట్టుకుని వెనకే దిగాడు. కిందినుంచి తిహొమిర్ గొంతు వినిపిస్తూనే ఉంది. "చూశావా, మోటారును నిట్టనిలువుగా నిలబెట్టావు! పడుకోబెట్టాలిరా దీన్ని. గాలంతా పైకి చేరి లోపల తడి ఆరిపోయింది. నాలుగేళ్లు నిలబెడితే ఎవడి కీళ్లయినా అరగవా?"

"నేను పొద్దుట్నుంచి నిలబడే ఉన్నా, నన్నడిగావా?" అన్నాడు మా ఆయన.

అంతలో చర్చి గంట మోగింది. ఈ వేళప్పుడు గంటేమిటా అనుకున్నాను గాని, పొయ్యిలో చేప తోక మాడుతోంది, ఆలోచించే తీరిక లేదు.

అతిథులు రావడం మొదలైంది. మామూలుగా మా పండగకు గేటు దగ్గరినుంచే కేకలు వేసుకుంటూ వస్తారు. ఇవాళ మొదట వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు కింది వీధివాళ్లు, నల్లగుడ్డలు చుట్టుకుని, నోరు మెదపకుండా వచ్చారు. ప్రసాదం తిని, "దేవుడు క్షమించుగాక" అని నన్ను గట్టిగా కావలించుకున్నారు. చేతిలో కాఫీ పొట్లం, పంచదార పొట్లం పెట్టారు. చావింటికి తెచ్చే సరుకు. ఓహో, కాగితం చదివి నాతో వేళాకోళం ఆడుతున్నారన్నమాట అనుకున్నాను. వేళాకోళంలో నేనెవరికీ తగ్గను. ముఖం వేలాడేసుకున్నాను.

"ఎప్పుడు పోయింది తల్లీ?"

"పొద్దున్నే. గురక పెడుతూ పెడుతూనే ఆగిపోయింది."

"పాపం, బాధపడిందా?"

"ఒళ్లు కాలిపోయింది కాసేపు. వారం నుంచి మూలుగుతూనే ఉంది. మేమే పట్టించుకోలేదు."

"ఇప్పుడు ఎక్కడుంచారు?"

"కిందే. మా ఆయనా తిహొమిరూ కలిసి విప్పుతున్నారు."

ఇద్దరూ ముఖముఖాలు చూసుకున్నారు. "విప్పుతున్నారా?"

"విప్పకుండా బయటికెలా వస్తుంది? బాగా బిగుసుకుపోయింది. ఇద్దరికీ చెమటలు కక్కిస్తోంది" అన్నాను.

వాళ్లలో పెద్దావిడ కుర్చీ కోసం తడుముకుంది. వేళాకోళం బాగానే పండిస్తోంది అనుకున్నాను.

తర్వాత ఇంకా వచ్చారు. ఎన్నడూ మా ముఖం చూడనివాళ్లు కూడా వచ్చారు. గది నిండింది. అందరూ కోట్లలోనే నిలబడి, గ్లాసులు తాకించకుండా తాగుతూ, నా మైనం నేల మీద చుక్కలు చుక్కలుగా వొంపుతున్నారు. కాఫీ పొట్లాలు కిటికీ గట్టు దాటి పండగ రొట్టె పక్కకు వచ్చేశాయి. అప్పుడు వచ్చాడు చర్చి గంట కొట్టే సావా ముసలాయన, టోపీ చేత్తో పట్టుకుని.

"గంట కొట్టేశానమ్మా. గొయ్యి తవ్వేవాళ్లకు ఏమని చెప్పను? నేలంతా గడ్డకట్టుకుపోయింది, ముందే మొదలెట్టాలి. స్తామెనాను వాళ్లాయన పక్కనేనా?"

నా చేతిలో గరిటె జారి కిందపడింది.

"సావా బాబాయ్, నువ్వు ఆ కాగితం చదవలేదా?"

"చదవడమెందుకు? నల్లంచు చూశా, పైన మీ ఇంటిపేరు చూశా. మీ ఇంట్లో పోవాల్సిన వయసు ఎవరిదో ఊళ్లో తెలియనిదెవరికి?"

ఇంతమందిలో ఒక్కరూ ఇంటిపేరు దాటి కిందికి చదవలేదు! అవతలి గదిలో అత్తగారు నిద్రపోతోంది. లేచి, తన చావుకు ఊరంతా తరలివచ్చిందని తెలిస్తే చలి సంగతి దేవుడెరుగు, ఈ ఒక్క పాపానికే పటం జాగోర్కా కారెక్కుతుంది. దాన్ని ఎక్కించేది నా చేతిరాతే. మెట్లు రెండేసి దిగుతూ నేలమాళిగలోకి పరుగెత్తాను.

కింద సీసా సగం ఖాళీ అయింది. పాత పంపు నా కేకు పళ్లెంలో పడుకుని ఉంది, మీద నా కొత్త చేతిగుడ్డ కప్పారు. కొత్తది బిగించడం అయిపోయింది. మగాళ్లిద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని, ఎత్తుకున్న బిడ్డను చూసుకుంటున్నట్టు దాన్ని చూసుకుంటున్నారు.

"కొంప మునిగింది! ఊరంతా అత్తయ్య పోయిందనుకుంటోంది!"

"ఏ అత్తయ్య?" అన్నాడు గ్వోజ్దెన్.

నేను జవాబు చెప్పబోతూ పంపు వైపు చూశాను. ప్రతివారం ఆ పాతదాని మీద దుమ్ము తుడిచేది నేను. దాని ఒంటి మీద ఒక బాణం గుర్తు ఉండేది, బాయిలర్ వైపు చూస్తూ. కొత్తదాని బాణం గోడ వైపు చూస్తోంది.

"తిహొమిర్ అన్నయ్యా, ఆ బాణం అటుందేం? నీళ్లు బాయిలర్లోకి కదా పోవాలి?"

తిహొమిర్ వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. గ్వోజ్దెన్ కూడా వంగి చూశాడు, ఆయన ముఖంలో నాలుగేళ్లుగా నేను చూడని వెలుగు వచ్చింది.

"రకియా నువ్వే పోశావు" అన్నాడు తిహొమిర్.

"నేను నిలబెట్టా, నువ్వు వెనక్కి తిప్పావు. చెల్లుకు చెల్లు" అన్నాడు గ్వోజ్దెన్. మళ్లీ వాల్వులు కట్టి, నట్లు వదులు చేసి, పంపును తిప్పి బిగించారు. తిహొమిర్ మోటారును అడ్డంగా పడుకోబెట్టి, గాలి వదిలి, ప్లగ్ పెట్టాడు. చెయ్యి వేసి చూస్తే లోపల సన్నగా గుర్రుమంటోంది. నేను పైకి వెళ్లి జనానికి నిజం చెబుదామని మెట్టు మీద కాలు పెట్టేసరికి, పైన వాకిట్లోంచి గావుకేక వినిపించింది. జాగోర్కా వచ్చేసింది.

నేను మెట్లెక్కి, జనాన్ని తోసుకుంటూ వెళ్లేసరికి ఆమె అత్తగారి గది గుమ్మంలో మోకాళ్ల మీద కూలబడి, గుండెలు బాదుకుంటూ శోకాలు తీస్తోంది. అత్తగారు వెల్లకిలా, కళ్లు మూసుకుని, చేతులు రజాయి మీద కట్టుకుని పడుకుని ఉంది. గదంతా టోపీలు తీసి నిలబడింది.

"ఓ నా అత్తా, నా బంగారు అత్తా! నన్నొదిలేసి ఎట్టా పోయావే! ఈ చలికొంపలో నిన్ను గడ్డకట్టించి చంపారే! పటం నాకిస్తానన్నావే, నీ చేత్తో ఇవ్వకుండానే పోయావే! దాంతోపాటు వెండి కొవ్వొత్తి స్తంభం కూడా అన్నావే, ఇప్పుడు సాక్ష్యం ఎవరు చెబుతారే!" ఊపిరి తీసుకోవడానికి ఆగి, వెనక్కి తిరిగి, మామూలు గొంతుతో, "మిలోయె, నిలబడ్డావేం? ముందు పటం దించి కార్లో పెట్టు, దుప్పటి చుట్టు" అంది. మళ్లీ తిరిగి, "ఓ నా అత్తా!" అని అందుకుంది.

మిలోయె బావగారు మెత్తని మనిషి. భార్య చెప్పాక చెయ్యకపోవడం ఆయనకు తెలియదు. కళ్లు తుడుచుకుంటూ కుర్చీ ఎక్కి, తూర్పు గోడనున్న పటానికి రెండు చేతులూ వేశాడు. నేను వద్దు బావగారూ అని అరవబోయాను.

"దానికి రెండు మేకులున్నాయిరా మిలోయె" అంది అత్తగారు కళ్లు తెరవకుండానే. "కిందది ముందు వదులు చెయ్. లేకపోతే అద్దం పగుల్తుంది."

మిలోయె కుర్చీ మీదినుంచి దిగాడో పడ్డాడో చెప్పలేను. సావా ముసలాయన మూడుసార్లు శిలువ గుర్తు వేసుకున్నాడు. జాగోర్కా నోరు శోకం మధ్యలో తెరుచుకున్నది తెరుచుకున్నట్టే ఉండిపోయింది. అత్తగారు ఒక కన్ను తెరిచి, తర్వాత రెండోది తెరిచి, లేచి కూర్చుంది.

"ఆపావేం? కొవ్వొత్తి స్తంభం తర్వాత ఇంకేమేం ఇస్తానన్నానో విందామనుకుంటున్నా." గదంతా కలియజూసింది. "ఎవరు చచ్చారు?"

ఒక్కొక్కరే తల తిప్పి నా వైపు చూశారు.

"పంపు, అత్తయ్యా" అన్నాను. "తిహొమిర్ పండగకు రాడు, పిలవకూడదు. చావుకైతే వస్తానన్నాడు. అందుకని కాగితం రాసి స్తంభానికి పెట్టా. వీళ్లెవరూ చదవలేదు."

"పట్రండి దాన్ని."

ఎవరో పరుగెత్తి తెచ్చారు. అత్తగారు కళ్లజోడు పెట్టుకుని, కాగితం దూరంగా పట్టుకుని, పైనుంచి కిందిదాకా బిగ్గరగా చదివింది. తిహొమిర్ తర్వాత ఆ ఊళ్లో దాన్ని పూర్తిగా చదివిన మనిషి ఆమే. "పదకొండు రేడియేటర్లు" దగ్గర ఆగి, మళ్లీ మొదటినుంచి ఆ వాక్యం చదివింది. ఆమె భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తోందనుకుని నాకు ప్రాణం పోయినంత పనైంది. కాదు. నవ్వుతోంది, చప్పుడు లేకుండా, కళ్ల వెంట నీళ్లు కారేలా.

అప్పుడే గ్వోజ్దెన్, తిహొమిర్ వచ్చారు. మోచేతుల దాకా మసి. పళ్లెంలో గుడ్డ కప్పిన పంపును చెరోవైపు పట్టుకుని, అడుగులో అడుగేసుకుంటూ, ముఖాలు వేలాడేసుకుని. వాళ్ల వెనకే, మళ్లీ అంటించిన బాయిలర్ వాసన కొద్దిగా తేలివచ్చింది.

"ఎర్రక్షరం రోజున పని చేశార్రా మీరు?" అంది అత్తగారు నవ్వు ఆపి.

"లేదు పెద్దమ్మా" అన్నాడు తిహొమిర్. "ఒకదాన్ని దించాం, ఒకదానికి పురుడు పోశాం. పని ఒక్కటి చేసుంటే నా చెయ్యి ఎండిపోవాలి."

అత్తగారు అతని చెయ్యి పట్టుకుని ఇటూ అటూ తిప్పి చూసింది. "ఎండలేదు" అని ఒప్పుకుంది.

కిటికీ కింద రేడియేటరు టిక్కుమంది. తర్వాత ఇంకొకటి. జనమంతా మాటలు మాని, అవి ఒక్కొక్కటే మేల్కొనడం వింటూ నిలబడ్డారు. అత్తగారు మంచం దిగి, వెళ్లి దాని మీద అరచెయ్యి పెట్టింది. తియ్యలేదు. అక్కడే నిలబడి తలగుడ్డ విప్పింది, శాలువా విప్పింది, ఉన్ని కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పి కోటును మిలోయె చేతిలో పెట్టింది.

"కార్లో పెట్టుకెళ్లాలనుంటే ఇది పట్టుకెళ్లు. పటం దాని చోట అది ఉంటుంది" అంది. వెళ్లి బల్ల దగ్గర తన కుర్చీలో, వట్టి జాకెట్టుతోనే కూర్చుంది.

నేను వంటింట్లోకి పారిపోయి, కాస్త మాడిన చేప ముందు నిలబడి ఏడ్చాను. ఈసారి కోపం కలవలేదు.

ఆ తర్వాత అలాంటి పండగ మేము చేసుకోలేదు. చావుకొచ్చినవాళ్లంతా కోట్లు విప్పి, ఇంకోసారి ప్రసాదం తిని, గ్లాసులు గట్టిగా తాకించి, పండగ శుభాకాంక్షలు చెప్పి కూర్చున్నారు. కుర్చీలు చాలక తిహొమిర్ ఇంటినుంచి బెంచీలు వచ్చాయి. కింది వీధి పెద్దావిడ తను తెచ్చిన కాఫీ పొట్లం వైపు చూస్తూ నసుగుతుంటే అత్తగారు కనిపెట్టింది.

"తిరిగిచ్చేది లేదు. నా పేరు మీద వచ్చిన సరుకు అది. నిజంగా పోయినప్పుడు మళ్లీ తెద్దువుగాని."

ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని, నేను పోయానని వినగానే ముందు ఏమన్నావు చెప్పు, ఏం దాచకు అని అడిగింది. సావా ముసలాయన గంట ఎంతసేపు కొట్టాడో చెబితే, అంతేనా అని చిన్నబుచ్చుకుంది కూడా. మా ఆయన పద్ధతి ప్రకారం సాయంత్రం దాకా కూర్చోలేదు. తిహొమిర్ ఆయన పక్కనే నిలబడి, నిలువుగా ఉంటే అరిగిపోతావురా, కాసేపు అడ్డంగా పడుకో అని సతాయిస్తూనే ఉన్నాడు.

అతిథులు బయల్దేరే వేళకు అత్తగారు తన గదిలోకి వెళ్లి, దిండు కింద తాళంచెవి తీసుకొచ్చి, అందరూ చూస్తుండగా నా ఏప్రాన్ జేబులో వేసింది.

"వచ్చే ఎర్రక్షరానికి ఇది నువ్వు దాచు. నా దిండు కింద ఉంటే నీకు కాగితాలు రాయాలని బుద్ధి పుడుతోంది." రెండడుగులు వేసి మళ్లీ ఆగింది. "ఏమే ద్రాగిన్యా, రాస్తే రాశావు గాని బాగా రాశావు. నేను పోయినప్పుడు నాదీ నువ్వే రాయి. అంచు మాత్రం అంత లావుగా గీయకు, అది చూసి ఒక్కడూ లోపల చదవడంలేదు. దుఃఖితుల్లో నీ పేరు మొదట వెయ్యి. రేడియేటర్లు ఆ తర్వాత."

గుమ్మంలో కూర్చుని బూటు లేసు కట్టుకుంటున్న జాగోర్కా చెయ్యి ఆగింది.

"మరి నేను, అత్తయ్యా?"

"నువ్వు ఇవాళే ఏడ్చేశావుగా తల్లీ" అంది అత్తగారు.